ఓడను మింగిన మాంత్రికుడు

ముంజల తట్ట నెత్తిన పెట్టుకుని రేవన్న ఇసుకదిబ్బ దిగేసరికి, చుక్కలరేవు ఒడ్డున ఒక రాజ్యానికి రాజ్యం నేలమీద చతికిలబడి ఉంది.

కనుచూపు మేర ఎర్రపట్టు గుడారాలు. ప్రతి గుడారం అంచునా ముత్యాల కుచ్చులు. నుదుట బంగారు పట్టాలు కట్టిన ఏనుగులు పదహారు, వాటి వెనక వెండి కళ్ళేల గుర్రాలు. అన్నింటి నడుమ, తాటికాయంత బంగారు కలశం తళతళలాడే శ్వేతఛత్రం. నలుగురు మనుషులు పడుకున్నా నీడ సరిపోయేంత పెద్దది. కస్తూరి, పునుగు, అగరు ధూపం గాలిలో తేలుతున్నాయి. ఆ పరిమళాలన్నింటి మీదా, ఎవరి అనుమతీ అడగకుండా, ఎండుచేపల వాసన దర్జాగా పరుచుకుని ఉంది.

గొడుగు కింద మహాశైల రాజ్యాధిపతి ప్రచండసేన మహారాజు. కొండలాంటి మనిషి, కొండచీమలు బారులు తీరినట్టున్న మీసాలు. ఆయన పక్కన సన్నగా, చువ్వలా, మంత్రి గుణనిధి. వాళ్ళ వెనక సామంతులు, దళపతులు, పురోహితులు, వైద్యులు, వంటవాళ్ళు. అంతా ఇసుకలో మఠం వేసుకుని, ఊపిరి బిగబట్టి సముద్రంకేసి చూస్తున్నారు.

ఒక్కడు మాత్రం నిలబడి ఉన్నాడు. పొగలాంటి జుట్టు, మోకాళ్ళ దాకా ఎముకల దండ. వాడి పేరు ధూమ్రకేశుడు. వాడి ముందు రాగి గంగాళం, గంగాళంలో నీళ్ళు, నీళ్ళమీద జానెడు చందనపు ఓడ. వాడు పెదవులు కదుపుతూ ఆ బొమ్మ ఓడలో ఒక్కొక్క సీసపు గుండూ వేస్తున్నాడు. బొమ్మ ఓడ కొంచెం కొంచెంగా మునుగుతోంది. అక్కడ, దూరాన, నిజమైన ఓడ కూడా కొంచెం కొంచెంగా మునుగుతోంది.

ఇంత పెద్ద రాజ్యం ఇంత సులువుగా ఎలా మోసపోయిందని అడగవచ్చు. మహాశైలం వాళ్ళు కొండల్లో పుట్టి కొండల్లో పెరిగినవాళ్ళు. ఎప్పుడో కరువు రోజుల్లో ప్రచండసేనుడు నూరు బళ్ళ జొన్నలు పంపించాడని గుర్తు పెట్టుకుని, చుక్కలరేవు పాత దొర పిల్లలు లేకుండా చనిపోతూ ఈ తీరమంతా ఆయన పేర రాసిపోయాడు. చూసి వెళదామని రాజు సపరివారంగా కొండ దిగాడు. మొదటిరోజు పెద్ద అల ఒకటి లేచి వస్తుంటే అంగరక్షకులు కత్తులు దూశారు. రెండోరోజు నీళ్ళు ఉప్పగా ఉన్నాయని వంటవాణ్ణి మందలించారు. ఇవాళ మూడో రోజు.

చుక్కలరేవుకు ఒక ఆచారం ఉంది. కొత్తగా తీరం ఏలేవారి ఆడపిల్ల తల్లిదిబ్బకు వెళ్ళి సముద్రానికి పసుపు ఇవ్వాలి. తల్లిదిబ్బ ఒడ్డుకు ఆమడన్నర దూరంలో, నీళ్ళ అడుగున ఉన్న ఇసుకమేట. అంత సముద్రంలో లంగరు అందేది అక్కడొక్కచోటే. రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ తెల్లవారకముందే 'రాజహంస' అనే ఓడెక్కి అటు వెళ్ళింది. ఓడ దూరమైన కొద్దీ మొదట దాని అడుగు నీళ్ళలోకి దిగిపోయింది. తర్వాత దాని ముందుకొసన చెక్కిన హంసమూతి. తర్వాత తెరచాపలు. ఇప్పుడు తెరచాప కొయ్య చివర జెండా. అదీ పోయింది.

సభలో ఒక పెద్ద నిట్టూర్పు లేచింది.

"మింగేశాను," అన్నాడు ధూమ్రకేశుడు, భోజనం ముగించినవాడిలా.

రేవన్న ఆ మాట విని తెల్లబోయాడు. అతనికి మాత్రం జెండా కనిపిస్తూనే ఉంది.

తట్ట దించి, అందరిలాగే ఇసుకలో కూర్చున్నాడు. జెండా లేదు. లేచి నిలబడ్డాడు. జెండా ఉంది. కూర్చున్నాడు, లేదు. నిలబడ్డాడు, ఉంది. ఇలా నాలుగుసార్లు చేసేసరికి కాపలా భటుడొకడు వంగివంగి దగ్గరకు వచ్చి, గుంజీళ్ళు తీస్తున్నాడనుకుని, భక్తిగలవాడివని మెచ్చుకుని, అయినా ఇక కూర్చోమని భుజం నొక్కాడు. సముద్రుడు భోజనం చేసేటప్పుడు నిలబడినవాళ్ళకు కళ్ళు పోతాయని స్వాములవారు పొద్దుటే చెప్పారట. మరి స్వాములవారి కళ్ళు పోలేదేమని రేవన్న అడగబోయి, భటుడి చేతిలో బల్లెం చూసి మానుకున్నాడు.

రేవన్న వృత్తికి తాటికల్లు గీసే గీతగాడు. కానీ చుక్కలరేవులో అతనికి ఇంకొక పని ఉంది. దిబ్బ మీద పిడుగుపడి తల పోయిన పాత తాడిమోడు ఒకటుంది. పొద్దువాలే వేళకు రేవన్న నడుముకు మోకు తగిలించుకుని ఆ మోడెక్కి కూర్చుంటాడు. ఒడ్డున నిలబడ్డవాళ్ళకు ఏమీ కనిపించనప్పుడే అతనికి నీటి అంచున కొయ్యల కొసలు కనిపిస్తాయి. కొసను చూసి అది ఎవరి నావో చెప్పగలడు. పైనుంచి పేరు పెట్టి కేక వేస్తాడు. కేక విన్న ఇల్లాలు అప్పుడు పొయ్యిమీద ఎసరు పెడుతుంది. నావ ఇసుక తాకేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఆ ఊళ్ళో ఏ మగవాడూ చల్లటి అన్నం తినలేదు, ఏ ఆడదీ అనవసరంగా పొద్దుపోయేదాకా ఒడ్డున నిలబడి ఏడవలేదు.

అందుకే రేవన్నకు ఈ రాజ్యం ఎందుకు ఏడుస్తోందో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

అంతలో ధూమ్రకేశుడు బేరానికి దిగాడు. మింగిన ఓడను కక్కించగలవాడు కూడా తానేనన్నాడు. రాజకుమారి సముద్రుడి కడుపులో క్షేమంగానే ఉందిగానీ, నీడ కాళ్ళ కిందికి వచ్చేదాకానే ఊపిరి నిలుస్తుందన్నాడు. ఆలోపు మహాశైల రాజముద్రిక తన వేలికి తొడిగితే ఓడ పైకి తేలుతుంది. లేకపోతే లేదు.

రాజముద్రిక ఎవరి వేలికి ఉంటే రాజ్యం వాళ్ళది. అది అందరికీ తెలుసు. ప్రచండసేనుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఉంగరం లాగడం మొదలుపెట్టాడు. వేలు లావెక్కి ఉండడం వల్ల అది వెంటనే రాలేదు. అదొక మేలు.

రెండో మేలు మంత్రి గుణనిధి. ముద్రిక చేతులు మారాలంటే రాగిరేకు మీద శాసనం చెక్కాలని, అది మహాశైల ధర్మమని, ధర్మం తప్పితే మంత్రం ఫలించదేమోనని ఆయన వినయంగా మనవి చేశాడు. శిల్పిని పిలిపించాడు. ఎనభై ఏళ్ళ ముసలాయన ఉలి తీసుకుని వచ్చాడు. మహారాజు బిరుదులు ముప్ఫై ఆరూ, ఒక్కటీ వదలకుండా, పెద్ద అక్షరాలతో చెక్కమని గుణనిధి ఆయన చెవిలో చెప్పాడు.

రేవన్న భటుడి దగ్గరకు వెళ్ళి, ఓడ ఎక్కడికీ పోలేదని, తల్లిదిబ్బ దగ్గర లంగరు వేసుకుని ఉందని చెప్పాడు. చెట్లెక్కేవాళ్ళు మహారాజుతో మాట్లాడకూడదని భటుడు చెప్పాడు. మరెవరు మాట్లాడవచ్చని అడిగితే, బిరుదున్నవాళ్ళు, లేకపోతే బూడిద పూసుకున్నవాళ్ళు అన్నాడు. రేవన్న ముంజల తట్టను భటుడికే వదిలేసి దిబ్బ వెనక్కి పరుగెత్తాడు.

దిబ్బ వెనక చుక్కలరేవు జాలర్లంతా ఉన్నారు. వాసన పడదని రాజభటులు పొద్దుటే వాళ్ళను అక్కడికి తోలేశారు. వాళ్ళ పెద్ద నూకాలు, ఎనిమిది నావలకు యజమానురాలు, యాభై ఏళ్ళ మనిషి, వల కుట్టుకుంటోంది. రేవన్న రొప్పుతూ సంగతంతా చెప్పాడు. ఆమె సూది ఆపలేదు.

"నిలబడితే కనబడే ఓడ కోసం రాజ్జెం ఇచ్చేత్తన్నాడా?"

"ఇచ్చేత్తన్నాడు అత్తా. ఉంగరం ఊడి రానేదు గానీ."

"మద్దేనం గాలి తిరిగితే ఓడ దానికదే వత్తాది గదరా. అప్పుడు ఆ దొంగోడు నానే తెప్పించానంటాడు."

"అందుకే నీడ కాళ్ళ కిందికొచ్చేలోపే ఇచ్చేయమన్నాడు. ఆ ముసిలాయన చెక్కడం అయిపోయేలోపు రాజుగారిని మన మోడెక్కించాల. నాను సాముల్ని అవుతాను. బూడిదుందా?"

నూకాలు అప్పుడు సూది ఆపింది. అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత పొయ్యిలోంచి రెండు చేతుల నిండా బూడిద తీసి, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినంత శ్రద్ధగా అతని ఒంటికి పట్టించింది. ఎవరో వంజరం చేప వెన్నెముకలు దండగా గుచ్చి మెడలో వేశారు. పాత వల ఒకటి జడలుగా నెత్తిన చుట్టారు. అందరూ వెనక్కి జరిగి చూశారు. నూకాలు పెదవి విరిచింది.

"సాములోరిలాగే ఉన్నావు గానీ, నవ్వకు. నవ్వితే రేవన్నవే."

*

"నేను గగనానందస్వామిని," అన్నాడు రేవన్న, శ్వేతఛత్రం ముందు నిలబడి. గొంతు కుండలోంచి వచ్చినట్టుంది. "మింగిన ఓడను మూడు ఊపిర్లలో తేలుస్తాను. నాకు ఉంగరం వద్దు. నా వేళ్ళు సన్నం."

ధూమ్రకేశుడి కనుబొమలు ముడిపడ్డాయి. ఈ జడల్లోంచి చేపల వాసన వస్తోందని వాడు ఎత్తిచూపాడు. సముద్రుడితో మాట్లాడి వచ్చేవాడి దగ్గర సంపెంగల వాసన రాదని రేవన్న జవాబిచ్చాడు. పురోహితులు తలలూపారు. తన మంత్రం రాజు భూమికీ ఆకాశానికీ నడుమ ఉన్నప్పుడే పనిచేస్తుందని, అందుకు తగిన స్తంభం దిబ్బమీద సిద్ధంగా ఉందని రేవన్న చెప్పాడు. ఫలించకపోతే తనను మూటకట్టి సముద్రంలో పారవేయవచ్చు. ఆ షరతు ధూమ్రకేశుడికి నచ్చింది. మూట తానే కడతానన్నాడు.

రాజు మంత్రికేసి చూశాడు. మంత్రి శిల్పికేసి చూశాడు. శిల్పి పదకొండో బిరుదు దగ్గర ఉన్నాడు.

"వెళ్ళిరండి మహాప్రభూ," అన్నాడు గుణనిధి. "కానీ గొడుగు లేకుండా మహారాజు నాలుగడుగులు కూడా వేయకూడదు. గొడుగు కూడా పైకి రావాలి."

మోడు చివర గిలక కట్టారు. దానిమీదుగా పెద్దవల లాగే మోకుతాడు వేశారు. తాడు ఒక కొసకు వల, వలలో మహారాజు, మహారాజు ఒళ్ళో శ్వేతఛత్రం. రెండో కొస పట్టుకుని నూకాలు, ఆమె వెనక నలభైమంది జాలర్లు. రేవన్న ఒక్క ఊపులో మోడెక్కి గిలక పక్కన కూర్చుని మంత్రం ఎత్తుకున్నాడు.

"వంజరాయ, చందువాయ, కానాగంతాయ, సావిడాయాయ నమః."

అన్నీ చేపల పేర్లే. నూకాలు పళ్ళు బిగబట్టింది నవ్వు ఆపుకోవడానికి. పురోహితుల్లో ఒకాయన ఈ మంత్రం ఏ శాఖలోదో తనకు తెలుసన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. "హైలెస్స" అన్నారు నలభైమంది. వల నేల వదిలింది.

నిలువెత్తు లేచేసరికి రాజు వలలోంచి కొంచెం వంగి చూశాడు. నీటి అంచున ఎర్రటి చుక్క. "జెండా," అన్నాడాయన, ఎవరితోనూ కాదు.

ఇంకో లాగు. జెండా కింద కొయ్య. ఇంకో లాగు. కొయ్య కింద చుట్టిపెట్టిన తెరచాపలు. తాడు కిర్రుమంటోంది. మోడు వణుకుతోంది. రాజు మీసాలు కూడా వణుకుతున్నాయి. చివరి లాగుకు ఆయన గిలక దాకా వచ్చేశాడు. అప్పుడు హంసమూతి పైకి వచ్చింది. దాని వెనక ఓడ ఒళ్ళంతా, నీటి మీద పొడిగా, నిక్షేపంగా, దాని నడుమ పసుపు పందిరి ఆవగింజంత.

ప్రచండసేనుడు ఏడవలేదు. ఇరవై యుద్ధాలు చేసినవాడు. కానీ గొడుగు కర్రను గట్టిగా కౌగిలించుకున్నాడు.

తర్వాత ఆయనకు ఏదో అనుమానం వచ్చింది. దించమన్నాడు. దించారు. ఓడ మునిగింది. ఎత్తమన్నాడు. ఎత్తారు. తేలింది. సగం దాకా దించి ఆపమన్నాడు. ఓడ సగం దాకా మునిగి ఆగింది. ఆయన ముఖం మీద మెల్లగా, మేఘం తొలగినట్టు, చిన్నపిల్లవాడి నవ్వొకటి విచ్చుకుంది. మళ్ళీ దించమన్నాడు.

"మారాజా," అని కిందినుంచి నూకాలు కేక వేసింది. "సేపల్నైతే ఒక్కసారే లాగుతాం."

"ఇంకొక్కసారమ్మా," అన్నాడు మహారాజు బతిమాలుతూ. "గుణనిధీ, విన్నావా. మునగడం లేదయ్యా ఓడ. మునుగుతున్నది నేను."

ఆరోసారి పైకి వచ్చాక ఆయన రేవన్నకేసి తిరిగాడు. ఇదేం మంత్రమని అడిగాడు. ఎండకు చెమట పట్టి రేవన్న ఒంటిమీద బూడిద చారలు చారలుగా జారిపోతోంది. ఇక దాచి లాభం లేదు.

"మంత్రం కాదు మారాజా, ఎత్తు. నేను రేవన్నని. చెట్లెక్కేవాణ్ణి."

తాను చదువుకోలేదని, ఎందుకిలా ఉందో తెలియదని, ఎలా ఉందో మాత్రం చెప్పగలనని అన్నాడు. మొలకు ఉన్న సంచిలోంచి తాటికాయ తీసి, దాని మీద పాకుతున్న చీమను చూపించాడు. చీమ కాయ ఒంపు దాటి అవతలికి పోతుంటే మొదట కాళ్ళు మరుగయ్యాయి, తర్వాత నడుము, చివర మీసాలు. చీమ ఎక్కడికీ పోలేదు. కాయను కాస్త తిప్పితే మళ్ళీ కనిపించింది. సముద్రం పళ్ళెంలా చదునుగా ఉండి ఉంటే ఓడ చిన్నదై చిన్నదై చుక్కలా కలిసిపోవాలి గానీ, కాళ్ళ నుంచి మునగకూడదు. అది కూడా ఈ కాయలాగే ఉబ్బుగా ఉంది. ఎంత పైకెక్కితే అంత అవతలికి కనిపిస్తుంది.

"అయితే నేను రోజూ నిలబడే నేల కూడా..."

"ఒంపే మారాజా. మరీ పెద్ద కాయ. అందుకే తెలీదు."

రాజు ఆ కాయను చేతిలోకి తీసుకుని, తన రాజ్యం దాని మీద ఎక్కడ ఉంటుందా అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

*

ఆ సమయానికి శిల్పి ఇరవై రెండో బిరుదు చెక్కుతున్నాడు. ధూమ్రకేశుడు చెక్కడం కోసం ఎదురుచూడడం మానేశాడు. పైన రాజు నవ్వుతున్నాడంటే కింద తన పని అయిపోయిందని వాడికి తెలిసింది. నడుముకున్న సంచిలోంచి నల్లటి పొడి దోసెడు తీసి, ధూపం కుండలో పోశాడు.

భగ్గున మంట. మంటలోంచి పొగ. మనిషెత్తు కాదు, తాడెత్తు కాదు. నల్లటి స్తంభంలా నిటారుగా ఆకాశంలోకి లేచింది. గాలి పూర్తిగా పడిపోయి ఉండడంవల్ల అది ఎటూ చెదరలేదు.

"ఎత్తుంటే దూరం నుంచి కనిపిస్తుందన్న సంగతి నీకొక్కడికే తెలుసనుకున్నావట్రా, చెట్లెక్కేవాడా," అన్నాడు వాడు పైకి చూసి. "ఉంగరం వచ్చి ఉంటే ఈ పొగ లేచేది కాదు. నేను ఓడను మింగలేదు, నిజమే. మా వాళ్ళు మింగుతారు. చూడండి, అంత ఎత్తున ఉన్నారుగా."

రేవన్న అప్పటికే చూస్తున్నాడు. రాజహంసకు అవతల, నీటి అంచున, రెండు నల్లటి సూదిమొనలు. పన్నెండేళ్ళుగా కొయ్యల కొసలు చూసి పేర్లు చెప్పినవాడికి ఆ రెండింటి పేర్లూ తెలియలేదు. చూస్తుండగానే వాటి కింద నల్లతెరచాపలు పైకి వస్తున్నాయి. సముద్రపు దొంగలు.

కింద ధూమ్రకేశుడు గంగాళం దాటి నీళ్ళవైపు పరుగు తీశాడు. పది అడుగులు వేయలేదు, నూకాలు కోడళ్ళు ఇద్దరు విసురువల విప్పి గాలిలోకి ఎగరేశారు. అది పువ్వులా విచ్చుకుని వాడి మీద పడింది. వాడు గింజుకున్న కొద్దీ ఎముకలూ వలముడులూ కలిసి చిక్కుపడిపోయాయి. మూట తానే కడతానన్న మాటను మాత్రం అలా నిలబెట్టుకున్నాడు.

"నన్ను దించండి," అన్నాడు ప్రచండసేనుడు. ఆయన గొంతులో నవ్వు లేదు. "నా కత్తి ఇవ్వండి. నావ ఇవ్వండి."

రేవన్న తలూపలేదు. రాజుగారి కత్తి మోయడానికి చేతులు చాలానే ఉన్నాయని, కానీ ఈ మోడు మీద కళ్ళు లేకపోతే నావలో ఎన్ని కత్తులున్నా గుడ్డివాళ్ళ పోరాటమేనని చెప్పాడు. నావలోంచి చూస్తే దొంగలు ఎటు తిరిగిందీ చాలాసేపు తెలియదు. ఇక్కడినుంచి తెలుస్తుంది. తను ఉండిపోదామంటే, తెడ్లు వేసేవాళ్ళలో కొయ్య ఎక్కి దూరం చూడగలిగినవాడు తనొక్కడే.

"మా ఊళ్ళో ఆడవాళ్ళు పన్నెండేళ్ళుగా నా కళ్ళని నమ్మారు మారాజా. ఇవాళ నేను మీ కళ్ళని నమ్ముతాను."

రాజు కూతురి ఓడకేసి చూశాడు, తర్వాత కింద ఇసుకకేసి. శ్వేతఛత్రాన్ని ఒళ్ళోంచి తీసి, విప్పి, ఒంటిచేత్తో పైకెత్తాడు. నలుగురు మోసే గొడుగు అది.

గుర్తులేమిటో ముందే అనుకున్నారు. గొడుగు విప్పే ఉంటే తిన్నగా పొండని. ఒకసారి ముడిచి విప్పితే దొంగలు ఎడమకు తిరిగారని. రెండుసార్లయితే కుడికని.

మోకుతాడు కొసను మోడు మొదట్లో కట్టేశారు. తాడు లాగిన నలభైమందీ, వాళ్ళ వెనక కత్తులతో రాజభటులూ నావల వైపు పరుగెత్తారు. రాజుగారిని మళ్ళీ ఎవరు దించుతారన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు. చెట్టు కింద మిగిలింది మంత్రి, శిల్పి, పురోహితులు.

నూకాలు పెద్దకోడలు నావ దాకా వచ్చింది. అలవాటు ప్రకారం అత్తను అడిగింది, ఎసరు ఎప్పుడు పెట్టాలని.

"చెట్టు మీద రాజుగారు కేకేసినప్పుడు పెట్టు," అంది నూకాలు, చుక్కాని పట్టుకుంటూ.

*

ఎనిమిది నావలూ కొయ్యలు దించేసి బయలుదేరాయి. తెరచాప ఎత్తి ఉంటే దొంగలకు ఎప్పుడో కనబడిపోయేవి. ఎలాగూ గాలి లేదు. ఆ గాలి లేకపోవడమే ఆ పూటకు వాళ్ళ అదృష్టం. దొంగల ఓడలు తెరచాపల్ని తడిబట్టల్లా వేలాడేసుకుని నత్తనడకన వస్తాయి. జాలరి తెడ్డుకు గాలితో పనిలేదు. కానీ మధ్యాహ్నం తిరిగితే సముద్రం మీదనుంచి గాలి లేస్తుంది. అది దొంగల వీపున తట్టి రాజహంస మీదికి తోస్తుంది. అంతకుముందే చేరాలి.

రేవన్న మొదటి నావలో తెడ్డు వేస్తూ, ముఖం ఒడ్డువైపు పెట్టి కూర్చున్నాడు. అతని కళ్ళముందే చుక్కలరేవు మునగడం మొదలుపెట్టింది. మొదట ఇసుక పోయింది. తర్వాత ఏనుగుల కాళ్ళు, తర్వాత ఏనుగులు. ఎర్రపట్టు గుడారాలు నీళ్ళమీద తేలే మందారాల్లా కాసేపు ఊగి, అవీ దిగిపోయాయి. దిబ్బ దిగింది. ఇక నీటిలోంచి పొడుచుకువచ్చిన సన్నటి గీత ఒకటి, దాని చివర తెల్లటి చుక్క. ఎండ పడినప్పుడల్లా దాని నెత్తిన బంగారు మెరుపు.

రోజూ అక్కడ కూర్చునేది తనే. అక్కడినుంచి ఎన్నోసార్లు ఎందరి పేర్లో పిలిచాడు. కింద ఉన్నవాళ్ళకు ఆ కేక ఎలా వినిపించేదో అతను ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడా తెల్లచుక్క విప్పుకుని ఉన్నంతసేపూ అతని చేతుల్లో అలుపు తెలియలేదు.

ఒకసారి ముడుచుకుంది. నూకాలు చుక్కాని ఎడమకు తిప్పింది. చాలాసేపటికి రెండుసార్లు ముడుచుకుంది. కుడికి తిప్పింది. ఎనిమిది నావలూ ఆమె వెనకే వంపు తిరిగాయి. అలా మూడు గడియలు గడిచాయి.

అప్పుడు రేవన్న మెడమీద చల్లగా ఏదో తాకింది. గాలి.

అదే క్షణంలో గొడుగు మళ్ళీ ముడుచుకుంది. ఒకటి. రెండు. ఆగలేదు. మూడు.

మూడుసార్లకు అర్థమేమిటో వాళ్ళు అనుకోలేదు. రేవన్న కళ్ళు చిట్లించి చూస్తుండగానే, తెల్లచుక్క కింది అంచు నుంచి కరిగిపోవడం మొదలుపెట్టింది. చివరికి బంగారు కలశం ఒక్కటే నీటి అంచున నిప్పురవ్వలా నిలిచి, అదీ దిగిపోయింది.

"ఏటన్నాడు?" అంది నూకాలు, చుక్కాని పట్టు సడలించకుండా.

రేవన్న నావలో నిలబడ్డాడు. రవ్వ కనిపించలేదు. అతను వంగి, నావలో పడుకోబెట్టిన కొయ్యమీద చెయ్యి వేశాడు. నూకాలు వద్దన్నట్టు తల ఊపింది. కొయ్య లేచిందంటే దొంగలకు తాము కనబడినట్టే. అది ఇద్దరికీ తెలుసు.

"నిలబెట్టండి," అన్నాడు రేవన్న. "తెలీకుండా పోతే అంతకన్నా పెద్ద ముప్పు."

ఇద్దరు కొయ్యను ఎత్తి గూటిలో దించేలోపే అతను మోకు తగిలించుకున్నాడు. నాలుగు ఊపుల్లో కొసకు చేరాడు. మొదట వెనక్కి చూశాడు. దూరాన, మోడు చివర, ఆ పెద్దమనిషి ఇంకా గొడుగు ముడుస్తూ విప్పుతూనే ఉన్నాడు. మూడు. కాస్త ఆగి, మళ్ళీ మూడు. ఎడమా కాదు, కుడీ కాదు. ఆయన ఓడల్ని లెక్కపెడుతున్నాడు.

రేవన్న ముందుకు తిరిగి చూశాడు.

తల్లిదిబ్బ మీద లంగరు వేసుకుని ఉండాల్సిన రాజహంస అక్కడ లేదు. నల్లతెరచాపలు రెండు కావు, మూడు. మూడూ ఒకదాని పక్కన ఒకటి, లేచిన గాలిని నిండా నింపుకుని, తిన్నగా జాలరి నావల మీదికే వస్తున్నాయి.

కొత్తగా దొంగల తెరచాప కట్టిన నడిమి ఓడ మూతి హంసది.